"మీ బ్రౌజర్ పాతది" అని వెబ్‌సైట్ ఎందుకు హెచ్చరిస్తుంది?

సైట్ కోడ్‌లో వాడిన కొత్త పద్ధతులు మీ బ్రౌజర్ వెర్షన్‌కు అర్థం కావు, అందుకే ఆ హెచ్చరిక. పేజీ అడిగిన ప్రతిసారీ బ్రౌజర్ తన పేరు, వెర్షన్ నంబరు సర్వర్‌కు చెబుతుంది. సైట్ సాధారణంగా దాన్నిబట్టే గుర్తుపడుతుంది.

మైక్రోసాఫ్ట్ పాత బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11నే తీసుకోండి. వెబ్ పేజీల ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో బాణం గుర్తుతో (=>) రాసే ఫంక్షన్ దానికి తెలియదు. అలాంటిది ఒక్కటి ఎదురైనా ఆ స్క్రిప్ట్ మొత్తం ఆగిపోతుంది. బటన్ కనిపిస్తూనే ఉంటుంది, నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. పాత వెర్షన్లకు భద్రతా లోపాల సవరణలు కూడా అందవు, అసలు ప్రమాదం అదే.

బ్రౌజర్ దాచుకున్న తాత్కాలిక ఫైళ్లు (క్యాష్), కుకీలు తుడిచేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. వెర్షన్ మారదు కాబట్టి హెచ్చరికా పోదు. నకిలీ హెచ్చరికలూ ఉంటాయి, అందుకే పేజీలోని లింకు నొక్కకుండా బ్రౌజర్ మెనూలోని హెల్ప్, అబౌట్ నుంచే అప్‌డేట్ చేయండి. విండోస్ 7లో క్రోమ్ 109 దాటదు. అక్కడ మార్చాల్సింది ఆపరేటింగ్ సిస్టమ్‌నే.