‘విడగొట్టి పంపండి’ అన్నారంటే వద్దన్నట్టు కాదు

ప్రశ్న: మా అబ్బాయి కంప్యూటర్ సైన్స్ మూడో ఏడాది. ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టులో పాత కోడ్‌ను శుభ్రం చేసి, 40 ఫైళ్ల మార్పులను ఒకే ప్యాచ్‌గా (మార్పుల మూటగా) పంపాడు. ‘ఇంత పెద్దది చూడలేం, విడగొట్టి పంపండి’ అని ఒక్క లైను జవాబొచ్చింది. అప్పటి నుంచి ల్యాప్‌టాప్ ముట్టుకోవట్లేదు. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి (ఓపెన్ సోర్స్‌లో పనిచేయడానికి గూగుల్ స్టైపెండ్ ఇచ్చే కార్యక్రమానికి) ఇది పనికొస్తుందని ఆశపడ్డాం. నేనైతే రోజూ ‘ఎన్ని మెర్జ్ అయ్యాయి’ (ప్రాజెక్టులో కలిశాయి) అని అడుగుతూనే ఉన్నాను. ఇది వదిలేసి కోడింగ్ పోటీల వైపో, ఇంటర్న్‌షిప్ వైపో మళ్లించమంటారా? అన్నట్టు, 40 ముక్కలు చేసి పంపితే రెజ్యూమెలో 40 అని వేసుకోవచ్చా? (ఒక తండ్రి)

జవాబు: అయ్యా, మీవాడి ప్యాచ్‌ను ఎవరూ తోసిపుచ్చలేదు. అక్కర్లేని ప్యాచ్‌కి చాలాచోట్ల జవాబే రాదు. వచ్చినా ‘ఈ మార్పు మాకొద్దు’ అని మొహం మీదే చెప్పేస్తారు. విడగొట్టమన్నారంటే చదివే ఉద్దేశం ఉంది, చదవడానికి వీలుగా లేదు, అంతే. ఆ ఒక్క లైనులో ఆప్యాయత లేదన్న మాట నిజమే. మెయింటెయినర్లలో, అంటే ప్రాజెక్టును చూసుకునేవాళ్లలో, చాలామంది సొంత ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన టైములో ఇవి చదువుతారు. వాళ్లు ఎవరితోనైనా అంత పొడిగానే మాట్లాడతారు.

ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తూనే ఉంటాయి. ప్రాజెక్టు పేరు మారుతుంది కానీ లోపలి భయం ఒకటే: ‘మావాడికి ఇది చేతకాదేమో, ఆ సంగతి ఇప్పుడే బయటపడిందేమో’. కాదండీ. పెద్ద ప్యాచ్ ఒక్కసారే పంపడం చేతకానితనం కాదు, కాలేజీ అలవాటు. అసైన్‌మెంట్ అంటే మొత్తం ఒకేసారి అప్పగించాలి. మార్కులు వేసేవారు రన్ అయిందా లేదా చూస్తారు, లైను లైనూ చదవరు. ఇక్కడ చదివేవాళ్లు ఆ కోడ్‌ను రేపటి నుంచి మోయాలి. మీవాడు మరో పనిలో పడిపోయినా, బగ్ (ప్రోగ్రామ్‌లో తప్పు) వచ్చిన రోజు నిద్ర లేవాల్సింది వాళ్లే.

వాళ్ల వైపు నుంచి ఒకసారి చూడండి. మూడు వేల లైన్ల మార్పు అనుకుందాం. అందులో నూటికి తొంభై పాళ్లు స్పేసులు, ట్యాబులు, పేర్ల మార్పులు. వాటి మధ్య ఎక్కడో ఒక లూపులో ‘తక్కువ’ గుర్తు కాస్తా ‘తక్కువ లేదా సమానం’ అయింది. మీవాడు అక్కడ నిజంగానే ఒక పాత తప్పును పట్టుకుని ఉండొచ్చు. కొత్తది పెట్టి కూడా ఉండొచ్చు. ఎంత కళ్లు చికిలించి చదివినా ఆ ఒక్క గుర్తు దొరకదు. ఇల్లు సర్దుతున్నానని చెప్పి, పనిలో పనిగా ఒక గోడ కూడా జరిపినట్టుంటుంది ఆ ప్యాచ్. సర్దడానికి ఎవరూ అడ్డు చెప్పరు. గోడ సంగతి విడిగా చెప్పమంటున్నారు.

ఇంకో కారణం కూడా ఉంది. కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్ అనే టూల్‌లో బైసెక్ట్ అని ఒక సదుపాయం ఉంది. ఏ కమిట్‌తో (గిట్‌లో దాచిన ఏ మార్పుతో) ప్రోగ్రామ్ చెడిందో సగానికి సగం కోసుకుంటూ వెతుకుతుంది. వెయ్యి కమిట్లున్నా పది పరీక్షల్లో దోషి దొరుకుతాడు. దొరికిన దోషి మూడు వేల లైన్ల కమిట్ అయితే మాత్రం వెతుకులాట మళ్లీ మొదటికొస్తుంది. లైనక్స్ కెర్నల్‌కి (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు) ప్యాచ్‌లు పంపేవాళ్ల కోసం రాసిపెట్టిన నియమాల్లో అందుకే రెండు మాటలు గట్టిగా చెప్పారు: ఒక్కో ప్యాచ్‌లో ఒక్కటే ఆలోచన ఉండాలి, వరుసలో ఎక్కడ ఆపినా కోడ్ బిల్డ్ అయి (ప్రోగ్రామ్‌గా తయారై) నడవాలి. ఒక విడతలో ఓ 15 ప్యాచ్‌లకు మించి పంపొద్దని కూడా అక్కడే ఉంది.

ఇక మీ 40 ముక్కల లెక్క. ఫైలుకొకటి చొప్పున కోయడం దాదాపు ప్రతి కొత్తవాడూ చేసే పనే, చాలాసార్లు తప్పే. ఒక ఫంక్షన్ పేరు మొదటి ముక్కలో మార్చి, దాన్ని పిలిచే చోట్లను ఇరవయ్యో ముక్కలో మారిస్తే మధ్యలో ఏదీ బిల్డ్ కాదు. కోయాల్సింది ఫైళ్లను కాదు, ఉద్దేశాలను. ఆ గుర్తు మార్పు నిజంగా బగ్ ఫిక్సే అయితే అది అన్నిటికంటే ముందు, ఒంటరిగా వెళ్లాలి. అప్పుడే మిగతా శుభ్రతతో పనిలేకుండా దాన్ని పాత వెర్షన్లలోకి కూడా తీసుకోగలుగుతారు. ఆ తర్వాత ఇండెంటేషన్ (లైను మొదట్లో వదిలే ఖాళీలు) మాత్రమే సరిచేసే ప్యాచ్. స్పేసుల తేడాలు వదిలేసి డిఫ్ (పాత, కొత్త కోడ్‌ల తేడా) చూపమంటే గిట్ ఖాళీగా చూపించాలి, లేదంటే అందులో ఇంకేదో దూరినట్టే. పేర్ల మార్పు వేరు. కోడ్‌ను ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలుకు జరపడం వేరు, జరిపేటప్పుడు అందులో ఒక్క అక్షరం ముట్టుకోకూడదు. వాడని కోడ్ తీసేయడం ఇంకోటి. ఇలా చూస్తే మీవాడి 40 ఫైళ్లు ఆరేడు ప్యాచ్‌లకు మించకపోవచ్చు. చేసిన పనిలో ఒక్క లైనూ వృథా కాదు. యాడ్ కమాండ్‌కి ‘పి’ ఆప్షన్ ఇస్తే ఏ మార్పు ఏ కమిట్‌లోకి వెళ్లాలో గిట్ ఒక్కొక్కటే అడుగుతుంది. కమిట్ల వరుస మార్చుకోవడానికి ఇంటరాక్టివ్ రీబేస్ ఉంది.

రెజ్యూమెలో 40 అని వేయిద్దామన్న మాట దగ్గర కాస్త కోపమే వచ్చింది, దాచుకోను. అంకె పెంచడానికి కోసిన ముక్కలను ఇంటర్వ్యూ చేసేవాళ్లు రెండు క్లిక్కుల్లో పట్టేస్తారు. అంతకంటే పెద్ద నష్టం ఇంట్లోనే జరుగుతోంది. ‘ఎన్ని మెర్జ్ అయ్యాయి’ అని రోజూ అడిగే తండ్రికి చూపించడానికే పిల్లవాడు అంత పెద్ద ప్యాచ్ కట్టి ఉండడని గట్టిగా చెప్పగలరా? జవాబు వచ్చాక వాడు ముట్టుకోనిది ల్యాప్‌టాప్ కాదేమో, మీ ప్రశ్ననేమో. ఒక నెల ఆ ప్రశ్న మానేయండి. మానలేకపోతే ‘ఆ రివ్యూలో ఏమన్నారు, నాకు అర్థమయ్యేలా చెప్పు’ అని అడగండి.

ఇప్పుడు నా అనుమానాలు కూడా చెప్పాలి. ‘ఓపెన్ సోర్స్ చేస్తే ఉద్యోగం గ్యారంటీ’ అనే ప్రచారం మీద నాకు నమ్మకం తక్కువ. 2020లో హాక్టోబర్‌ఫెస్ట్ (అక్టోబర్‌లో ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించే కార్యక్రమం) సమయంలో ఏం జరిగిందో చూడండి. నాలుగు పుల్ రిక్వెస్టులకు (మార్పును కలుపుకోమని పంపే వినతులకు) ఒక టీషర్ట్ అనేసరికి, ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ఒకటి రెండు మాటలు చేర్చి పంపే చెత్త వెల్లువలా వచ్చిపడింది. ఇష్టపడి ముందుకొచ్చిన ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకుంటామని నిర్వాహకులు నెల మొదటి వారంలోనే నియమం మార్చాల్సి వచ్చింది. కోడ్ శుభ్రత ప్యాచ్‌లూ కొంతవరకు ఆ కోవలోకే జారుతున్నాయి. తేలిగ్గా కనిపిస్తాయి, స్టైల్ (కోడ్ రాసే తీరు) తప్పులను టూలే ఎత్తి చూపిస్తుంది, అర్థం కాని కోడ్‌లో కూడా చేసేయొచ్చు. కెర్నల్ అభివృద్ధి గైడ్‌లోనే ఉంది: కేవలం స్టైల్ కోసం చేసే మార్పులను అక్కడివాళ్లు గోలగానే చూస్తారు, వేరే పని మీద ఆ కోడ్ ముట్టుకున్నప్పుడు సరిచేయడమే పద్ధతి. కెర్నల్‌లోనే స్టేజింగ్ అనే డైరెక్టరీలో మాత్రం శుభ్రతకు స్వాగతం ఉంది, కొత్తవాళ్లు చాలామంది అక్కడే చేయి అలవాటు చేసుకుంటారు. కాబట్టి మీవాడు పంపిన చోట అసలు ఇలాంటి పని కావాలంటున్నారా అన్నది ముందు తెలుసుకోవాలి. అక్కర్లేదంటే, బగ్ ఫిక్స్ ఉంటే అది ఒక్కటే పంపి మిగతాది పక్కన పెట్టేయడమే మర్యాద. బాధగానే ఉంటుంది, అయినా అంతే.

పోటీలా, ఇంటర్న్‌షిప్పా, ఇదా అని అడిగారు. పోటీలు అల్గారిథమ్ ప్రశ్నలున్న ఇంటర్వ్యూలకు పదును పెడతాయి, ఇంటర్న్‌షిప్‌లో గడువు, టీమ్ అంటే ఏమిటో తెలుస్తుంది. ఏది చేసినా నష్టం లేదు, ఒకటి పట్టుకుంటే రెండోది వదిలేయాలనీ లేదు. ఇంటర్న్‌షిప్‌లో మొదటి వారమే సీనియర్ చెప్పబోయే మాట కూడా ‘ఇది పెద్దగా ఉంది, విడగొట్టు’ అనే. అది మీవాడు ముందే విన్నాడు. సమ్మర్ ఆఫ్ కోడ్ గురించి టెన్షన్ పడకండి. 2022 నుంచి అది విద్యార్థులకే పరిమితం కాదు. 18 ఏళ్లు నిండి, విద్యార్థి అయినా, ఓపెన్ సోర్స్‌కి కొత్త అయినా ప్రధాన అర్హత ఉన్నట్టే. ఈ ఏడాది కాకపోతే డిగ్రీ అయ్యాకైనా వేయొచ్చు.

ఈ వారం వాడు చేయాల్సింది, బగ్ ఫిక్స్ నిజంగా ఉందనుకుంటే, ముందు రెండు లైన్ల జవాబు: ‘థాంక్స్, విడగొట్టి పంపుతాను, ముందు బగ్ ఫిక్స్ ఒక్కటే పంపుతున్నాను’. తర్వాత ఆ ఒక్క ప్యాచ్. ఏం మార్చాడో కాదు, ఎందుకు మార్చాడో వివరణలో రాయాలి. దానికి స్పందన చూశాక మిగతా వరుస, ముందు ఒక చిన్న పరిచయ లేఖతో. పంపిన తర్వాత కనీసం వారం ఆగాలి. రెండు మూడు వారాలు పట్టడం మామూలే. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే మర్యాదగా ఒక్కసారి గుర్తు చేయొచ్చు. ఆ మెయిల్ వాడే రాయాలి, మీరు కాదు.