రెజల్యూట్ నుంచి గ్రీస్ ఫియర్డ్ ఎంత దూరం?

రెజల్యూట్, గ్రీస్ ఫియర్డ్ కెనడా ఉత్తర కొసన ఉన్న నునావుట్ ప్రాంతంలోని చిన్న ఊళ్లు. అక్కడ ఉద్యోగం వచ్చిన మనవాళ్లు మొదట చేసే పని ఫోన్‌లో మ్యాప్ తెరిచి వేలితో కొలవడం. అక్కడే లెక్క తప్పుతుంది. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర మ్యాప్ దూరాలను రెట్టింపు చేసి చూపిస్తుంది, 75 దాటితే నాలుగింతలు.

చేత్తో లెక్క కట్టుకోవడమే మేలు. రెజల్యూట్ 74.7 ఉత్తరం, 94.8 పశ్చిమం. గ్రీస్ ఫియర్డ్ 76.4, 82.9. అక్షాంశాల తేడా 1.7 డిగ్రీలు, డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున సుమారు 190. రేఖాంశాల తేడా 11.9. దీన్ని కూడా 111తో గుణించి వదిలేస్తే 1,300 దాటుతుంది. అది తప్పు, ధ్రువం వైపు వెళ్లేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి కదా! సగటు అక్షాంశం 75.5 కొసైన్ విలువ 0.25, దాంతోనూ గుణిస్తే 330 వస్తుంది. రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 380 కిలోమీటర్లు. శంషాబాద్ నుంచి రేణిగుంట కంటే కాస్త తక్కువే. హైదరాబాద్ దగ్గర ఒక రేఖాంశ డిగ్రీ 106 కిలోమీటర్లు, గ్రీస్ ఫియర్డ్‌లో అదే 26.

ఇంతకీ ఇది గాలిలో గీత. నునావుట్‌లోని 25 ఊళ్లకూ ఒకదాన్నుంచి మరొకదానికి రోడ్డు లేదు, విమానమే దిక్కు. నునావుట్ రాజధాని ఇకాలుయిట్ నుంచి గ్రీస్ ఫియర్డ్ నేరుగా 1,500 కిలోమీటర్లే అయినా, రెజల్యూట్‌లో మారితే 1,950 అవుతుంది. మధ్యలో ఇంకో ఊళ్లో దిగితే మరింత. అందుకే ప్రయాణం ప్లాన్ చేసేటప్పుడు కిలోమీటర్లు పక్కనపెట్టి, వారంలో ఏ రోజుల్లో విమానం ఉందో చూడండి.

ఆఖరి అంచె ట్విన్ ఆటర్. 19 సీట్ల చిన్న విమానం, గంటకు 270 కిలోమీటర్ల వేగం, గంటన్నర ప్రయాణం. గ్రీస్ ఫియర్డ్ రన్‌వే పొట్టిది, కంకరది, చుట్టూ కొండలు. పొగమంచు, మంచుతుఫాను, అడ్డగాలి, వీటిలో ఏదొచ్చినా విమానం ఆగిపోతుంది. ఒక్కోసారి ఊరి దాకా వెళ్లి దిగకుండా వెనక్కి వచ్చేస్తుంది కూడా. ముందూ వెనకా రెండేసి రోజులు ఖాళీ ఉంచుకోండి. డబ్బు కలిసొస్తుందని టికెట్లు విడివిడిగా కొనకండి. ఒకటి తప్పిపోతే రెండోది మునిగినట్టే.

బరువు ఎక్కువైతే ముందు ఆగేది మీ పెట్టె. మందులు వారానికి సరిపడా, ఒక జత చలిబట్టలు చేతిసంచిలోనే ఉండాలి. ట్విన్ ఆటర్ లోపల గాలి ఒత్తిడి పెంచే ఏర్పాటు ఉండదు, పైకెళితే ఆవకాయ సీసాలో గాలి ఉబ్బి మూత సందుల్లోంచి నూనె కారుతుంది. రెండంగుళాలు ఖాళీ వదిలి, మూతకు టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టండి. గాజు సీసాలో నీళ్లుండే సరుకు అసలు వద్దు. మైనస్ 35లో కంకర మీద పెట్టె కాసేపు పడి ఉంటే నీళ్లు గడ్డకట్టి సీసా పగులుతుంది.