తోట ప్రశ్నలు: పింటో పీనట్ అల్లుకోవడం లేదేం?

ప్రశ్న: లాన్ గడ్డికి బదులు పింటో పీనట్ తీగలు నాటి మూడు నెలలైంది. అక్కడక్కడా గుబుర్లు కట్టింది గానీ మధ్యలో అంతా తుంగే. యూరియా వేస్తే త్వరగా అల్లుకుంటుందా?

జవాబు: యూరియా వద్దు. ఇది వేరుశనగకు దగ్గరి చుట్టం. వేరు బుడిపెల్లోని రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని దీనికి అందిస్తుంది. మీరు వేసే యూరియా తిని బలిసేది తుంగే.

తుంగను పైపైన పీకితే లోపలి గడ్డ మళ్లీ మొలుస్తుంది. ఖాళీలున్న చోట 15–20 సెం.మీ. లోతున తవ్వి గడ్డలు ఏరేయండి. తడిపి రెండు వారాలు ఆగండి. మళ్లీ మొలిచినవి కూడా గడ్డతో సహా తీశాకే నాటండి. విసుగు పని, కానీ దీనికి అడ్డదారి లేదు.

నాలుగైదు కణుపులున్న 15–20 సెం.మీ. తీగ ముక్కలు తీసుకోండి. కింది ఆకులు తుంచి, రెండు మూడు కణుపులు మట్టిలో ఉండేలా ఏటవాలుగా పాతండి. ముక్కకూ ముక్కకూ 20 సెం.మీ. దూరమైతే చదరపు మీటరుకు 25 పడతాయి. 30 సెం.మీ. దూరం పెడితే 11తో సరిపోతుంది; మిగిలిన చోటు కలుపుకి వదిలినట్టే. వేరు పట్టేదాకా, అంటే రెండు మూడు వారాలు, నేల ఆరకూడదు.

ఇప్పుడున్న గుబుర్ల నుంచి పాకే తీగలనూ వాడుకోండి. కణుపు మట్టిని తాకితేనే వేరు వస్తుంది. గులకరాళ్ల మీదో, మందంగా పరిచిన ఎండుటాకుల మీదో పాకే తీగ నిలదొక్కుకోదు. కణుపు దగ్గర వంచిన ఇనుప తీగముక్క గుచ్చి, పైన గుప్పెడు మట్టి వేయండి.

ప్రశ్న: ఆకులు పసుపుబారుతున్నాయి. ఏ మందు కొట్టాలి?

జవాబు: ముందు ఏ ఆకులో చూడండి. లేత ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుపధాతు లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో, నీరు నిలిచే చోట ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వారానికి మరోసారి. గచ్చు మీద పడితే తుప్పు మరకలు పోవు, జాగ్రత్త. నీరు పోయే దారి చేయకపోతే పసుపు మళ్లీ వస్తుంది.

ఆకుల మీద సన్నటి తెల్ల చుక్కలు, అడుగున సాలెగూడులాంటి అల్లిక కనిపిస్తే అది నల్లి, ఆకుల రసం పీల్చే అతి చిన్న పురుగు. పొడి వాతావరణంలో పెరుగుతుంది. ఆకుల అడుగుభాగం తడిసేలా గట్టిగా నీళ్లు కొట్టండి, అవసరమైతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. మండే ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

ప్రశ్న: చీకటి పడగానే ఆకులు ముడుచుకుంటున్నాయి. నీళ్లు చాలకనా?

జవాబు: కాదు, నిద్ర. తెల్లారితే విచ్చుకుంటాయి. పట్టపగలు కూడా ముడిచే ఉంటే అప్పుడు నీళ్లు పెట్టండి.