పుదీనాని నలిపెయ్యకు అల్లుడూ

అల్లుడూ,

నువ్వు పంపిన సీసా ఫోటో చూశాను. వోడ్కాలో పుదీనా వేసి పది రోజులు ఊరబెట్టానన్నావు, రంగు కాఫీ డికాక్షన్‌లా మారింది, తాగితే చేదు తప్ప పుదీనా జాడే లేదన్నావు. దిగులు పడకు, నేనూ మొదటిసారి అచ్చం అదే చేశాను. ఎన్ని రోజులుంటే అంత వాసన పడుతుందనుకుని ఒక కట్ట మొత్తం కాడలతో సహా సీసాలో కుక్కి, అల్మారాలో పెట్టి వారం పాటు దాని సంగతే మర్చిపోయాను. మూత తీస్తే వానకి తడిసిన గడ్డి వాసన. అంతా సింకులో పోయాల్సి వచ్చింది, ప్రాణం ఉసూరుమంది.

ఎందుకలా అవుతుందో తెలిస్తే ఇంకెప్పుడూ ఆ పొరపాటు చెయ్యవు. పుదీనా వాసనంతా నూనెలో ఉంటుంది, ఆ నూనె ఆకు పైపొర మీదే చిన్న చిన్న గ్రంథుల్లో ఉంటుంది. భూతద్దం ఉంటే ఆకు తిరగేసి చూడు, మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవి పగలడానికి చేతి తాకిడి చాలు. చేదు మాత్రం ఆకు లోపల ఉంటుంది. పచ్చడి నూరినట్టు నూరినా, రోజుల తరబడి నానబెట్టినా లోపలి పసరు, వగరు బయటికొచ్చేస్తాయి. నూనె ఆల్కహాల్‌లో చాలా త్వరగా కరుగుతుంది, అంటే నీకు కావాల్సింది మొదటి కొన్ని గంటల్లోనే వచ్చేసింది, మిగతా తొమ్మిది రోజులూ నువ్వు ఊరబెట్టింది చేదునే.

కాబట్టి ఈసారి చిన్న కొలతతో మొదలుపెట్టు. 250 ఎంఎల్ వోడ్కా, 40 శాతం ఆల్కహాల్ ఉండే మామూలుదే, ఖరీదైనది అక్కర్లేదు. పదిహేను ఇరవై ఆకులు, కాడలు వద్దు, నల్ల మచ్చ ఉన్నవి పక్కన పెట్టేయి. కడిగాక బట్ట మీద ఆరబెట్టి తడి పూర్తిగా పోయాకే వెయ్యి. ఆకులన్నీ మునగాలి, పైకి తేలి గాలి తగిలినవే ముందు నల్లబడతాయి. రెండు గంటలకోసారి చెంచాతో చుక్క రుచి చూడు. నాకు సాధారణంగా ఆరు నుంచి పన్నెండు గంటల మధ్య సరిపోతుంది, ఒక రోజు దాటనివ్వను. వాసన తక్కువనిపిస్తే ఆ ఆకులు తీసేసి కొత్తవి వెయ్యి, అంతేగానీ పాతవాటినే ఇంకో రోజు ఉంచకు. పలుచటి బట్టలో వడకట్టేటప్పుడు పిండకురా, దానంతట అది దిగనీ. సీసా మీద తేదీ రాసి వెలుతురు తగలని చోట పెట్టు, నెలలోపు వాడేస్తేనే ఆ తాజాదనం ఉంటుంది.

పుదీనాలో కూడా రకాలున్నాయి. డ్రింకులకి స్పియర్‌మింట్ మంచిది, దాని వాసన కార్వోన్ అనే పదార్థం వల్ల వస్తుంది, తియ్యగా మెత్తగా ఉంటుంది. పెప్పర్‌మింట్‌లో మెంథాల్ ఎక్కువ, నోట్లో చల్లదనం తెలిసే నరాలని అది తట్టిలేపుతుంది, కాస్త ఎక్కువైతే టూత్‌పేస్ట్ తాగినట్టుంటుంది. ఆకు నలిపి వాసన చూస్తే తేడా నీకే తెలుస్తుంది.

మొహీతో అనే కాక్‌టెయిల్ సంగతి అడిగావు కదా. క్యూబా వాళ్ళ డ్రింక్ అది, తెల్ల రమ్‌తో చేస్తారు. పొడుగు గ్లాసులో ఎనిమిది పది ఆకులు, 20 ఎంఎల్ పంచదార పాకం, 25 ఎంఎల్ అప్పుడే పిండిన నిమ్మరసం వేసి చెక్క గరిటె వెనక వైపుతో నాలుగైదు సార్లు మెల్లగా అదుము. ఆకు చిరగకూడదు, నలిగి ముదురు రంగులోకి తిరిగితే చాలు. తర్వాత 60 ఎంఎల్ రమ్, నిండా ఐసు, పైన సోడా. సోడా పోశాక గిలకొట్టకు, గ్యాస్ పోతుంది, కింద నుంచి పైకి ఒక్కసారి కలిపితే సరి. చివర్న ఒక రెమ్మని అరచేతిలో పెట్టుకుని రెండో చేత్తో చప్పట్లా ఒక్కటి కొట్టి గ్లాసులో, ముక్కుకి దగ్గరగా గుచ్చు. తాగే ప్రతి గుక్కకీ ముందు ఆ వాసనే అందుతుంది, సగం రుచి అదే.

బర్బన్ అనే అమెరికా విస్కీ ఉంటే దాంతో జులెప్ చెయ్యి, పాకం, పుదీనా, మెత్తగా కొట్టిన ఐసు, అంతే, నిమ్మ ఉండదు. జులెప్ అనే మాట పారశీక గులాబ్ నుంచి వచ్చింది, అంటే గులాబీల పన్నీరు, మన గులాబీ కూడా ఆ కుటుంబంలోదే. జిన్ అయితే మొహీతో కొలతలే వేసి, సోడా లేకుండా ఐసుతో షేక్ చేసి టీ జాలీలో వడకట్టు, ఆకు ముక్కలు పళ్ళకి అడ్డం పడవు.

పాకం నువ్వే చేసుకో. కప్పు పంచదార, కప్పు నీళ్ళు, కరిగాక స్టవ్ ఆపి గుప్పెడు ఆకులు వేసి మూత పెట్టు, అరగంటకి వడకట్టు. ఫ్రిజ్‌లో రెండు వారాల్లోపు వాడెయ్యి. రంగు కొంచెం పసుపుగా ఉంటుంది, కంగారు పడకు. మందు తాగని వాళ్ళొస్తే ఇదే పాకం, నిమ్మరసం, సోడాతో వాళ్ళకీ ఒక గ్లాసు, దాన్ని కూడా అంతే శ్రద్ధగా చెయ్యి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్తున్నా. ఊరబెట్టడం త్వరగా అవుతుందని వోడ్కాని స్టవ్ మీద వేడి చెయ్యకు, ఆవిరికి మంట అంటుకుంటుంది. ఇంట్లో సారా కాచే వీడియోల జోలికి అసలే పోకు, తయారైన మందులో ఆకు వేసుకోవడం వేరు, కాచడం వేరు. తీపి, నిమ్మ, పుదీనా కలిస్తే ఘాటు తెలీదు, రెండు గ్లాసులు మంచినీళ్ళలా దిగిపోతాయి. అందుకే చేతి అందాజు వద్దు, కొలిచి పొయ్యి, ఎంత పోశావో వచ్చినవాళ్ళకి చెప్పు. బండి నడపాల్సినవాడికీ, నిద్రమాత్రలు వేసుకునేవాడికీ ఇవ్వకు, వాళ్ళు అడిగినా సరే.

మిగిలిన పుదీనా పారెయ్యకు. కాడల చివర్లు కోసి గ్లాసెడు నీళ్ళలో నిలబెట్టు, నీళ్ళు రోజూ మారిస్తే కొన్ని రోజులు బతుకుతుంది, వేళ్ళు వేసిన రెమ్మని కుండీలో నాటెయ్యి. కుండీలో అన్నాను, నేలలో కాదు, నేలలో వేస్తే పక్క మొక్కల్ని బతకనివ్వదు.

శనివారం పొద్దున్నే సీసా మొదలుపెట్టి ఆరో గంటకి రుచి చూసి, ఆకుల రంగు కనిపించేలా ఫోటో పెట్టు. తీసెయ్యాలో, ఇంకో రెండు గంటలు ఉంచాలో చూసి చెప్తాను.

మావయ్య