బుక్ ఫెయిర్‌లో ఏం కొనాలంటే

తల్లీ,

కథలూ నవలలూ కాకుండా ఏం చదవాలో చెప్పు పెద్దనాన్నా అన్నావుగా. ముందు ఏవి కొనొద్దో చెప్తా. పది సూత్రాల్లో విజయం, నెలలో అద్భుతమైన జ్ఞాపకశక్తి, ఇలాంటివి ఎంత మెరుస్తున్నా వదిలెయ్. తొమ్మిదో తరగతిలో నీకు కావాల్సింది ఒక మనిషి తను చూసింది, తను పడింది ఉన్నదున్నట్టు రాసిన పుస్తకం.

అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'తో మొదలుపెట్టు. చాలా చిన్నది, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. 1901లో, నీకన్నా చిన్నవాడప్పుడు ఆయన, కోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న నాన్న దగ్గరికి అన్నతో పాటు కొత్త బట్టలేసుకుని బయల్దేరతాడు. మసూర్ స్టేషన్‌లో దిగాక వీళ్ళ కులం తెలిసి ఏ బండివాడూ ఎక్కించుకోడు, చివరికి రెట్టింపు బాడుగ ఇచ్చి బండి వీళ్ళే తోలుకునేట్టు ఒప్పందం. వెంట తిండి ఉంది, తాగడానికి నీళ్ళిచ్చేవాళ్ళే లేరు, ఆకలితోనే పడుకున్నారు. అంటరానితనం గురించి సోషల్‌లో ఒక పేరా బట్టీపట్టి పరీక్ష రాసేస్తారు మీరు. ఇది చదివాక మళ్ళీ ఆ పేరా తీసి చూడు, తర్వాత అమ్మతో కూర్చుని మాట్లాడు.

రెండోది, 1928లో నెహ్రూ ముస్సోరీలో ఉన్న పదేళ్ళ ఇందిరకి రాసిన ఉత్తరాలు. గులకరాయి నున్నగా ఎలా అయిందో చెప్తూ భూమి చరిత్రలోకి తీసుకెళ్తాడాయన. ఇంగ్లీషు తేలికే, టెన్షన్ పడకు, రోజుకో ఉత్తరం చాలు. కాకపోతే దాదాపు వందేళ్ళ కిందటి రాత కదా, ఆదిమానవుల గురించి చెప్పినవి మాత్రం మీ సైన్సు టీచర్‌ని అడిగి సరిచూసుకో.

ఏనుగుల వీరాస్వామి 'కాశీయాత్ర చరిత్ర' కూడా నువ్వు చూడాల్సిందే. 1830లో చెన్నపట్నం నుంచి బయల్దేరి, కడప, హైదరాబాదు, నాగపూర్ మీదుగా కాశీకి వెళ్ళొస్తూ దారిలో ఊళ్ళు ఎలా ఉన్నాయో, నీళ్ళెక్కడ దొరుకుతాయో, జనం ఎలా బతుకుతున్నారో రాసుకుంటూ పోయాడాయన, మన తెలుగులో. భాష పాతది, మొదటి పేజీల్లోనే విసుగొస్తుంది, అయినా వదలకు. వరసగా చదవక్కర్లేదు, నీకు తెలిసిన ఊళ్ళు వెతుక్కుని అక్కడ చదువు. అది నా దగ్గరుంది, కొనకు, సంక్రాంతికి వచ్చినప్పుడు ఇస్తా.

సైన్సుకి మహీధర నళినీమోహన్ పేరు అడుగు, ఏది దొరికినా తీసుకో.

ప్రేమతో,
పెద్దనాన్న