బిన్ ఖాళీగా, పైపు నిండుగా ఉంటే

అక్కా, విజయనగరం ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్స్ దగ్గరి ఆడవాళ్ల టాయిలెట్లలో మీరు పెట్టిన బిన్లు ఖాళీగానే ఉంటున్నాయని, ప్యాడ్లు మాత్రం పైపులో ఇరుక్కుంటున్నాయని రాశారు కదా. ఫోటో చూశాను. బిన్ వాష్‌బేసిన్ పక్కన ఉంది! వాడిన ప్యాడ్ చేత్తో పట్టుకుని పదిమంది ముందు ఎవరు నడిచొస్తారు? ప్రతి గదిలోనూ, కూర్చున్నచోటే చేయి అందేలా చిన్నది పెట్టండి. కాలితో తొక్కితే తెరుచుకునే మూత ఉండాలి. ప్యాడ్ చుట్టడానికి తలుపు కొక్కేనికి పాత పేపరు ముక్కలు దారానికి గుచ్చి వేలాడదీయండి. శ్రీకాకుళంలో మా హాస్టల్లో ఈ ముక్కలతోనే సగం గొడవ తీరింది. ప్యాడ్‌లోని జెల్ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, పైపు మూసుకుపోయేది అందుకే.

ఊడ్చే ఆవిడ ముట్టననడం న్యాయమే. ఆవిడచేత బిన్ వంపించొద్దు. సంచీ మూతి కట్టేసి మీ మనిషే తీసుకెళ్లి, కడిగిన బిన్ పెట్టి రావాలి. వాడిన ప్యాడ్లు చుట్టే ఇవ్వాలని 2016 చెత్త నిబంధనల్లోనే చెప్పారు. లోపల ఏముందో తెలిసేలా సంచీ మీద ఎర్ర చుక్క పెట్టి చెత్త బండివాళ్లకి చెప్పండి. అక్కడే కాల్చే చిన్న కరెంటు మెషిన్ జోలికి పోకండి, వేడి చాలకపోతే మిగిలేది ప్లాస్టిక్ పొగే. పైడితల్లి అమ్మవారి సిరిమాను జాతర జరిగే మంగళవారం మాత్రం జనం ఎక్కువ, మధ్యాహ్నం బిన్లు ఇంకోసారి మార్చాల్సిందే.