పోలోకి డ్రాగ్ టైర్లు వేయాలంటే రిమ్ములు, బ్రేకులు ఎలా ఎంచుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: వైజాగ్‌లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ కారు ఉంది, చెన్నై దగ్గర జరిగే డ్రాగ్ మీట్‌లో (ఆగి ఉన్న బళ్లు తిన్నటి ట్రాక్ మీద ఎంత త్వరగా దూసుకెళ్తాయో చూసే పోటీ) నడపాలనుంది. ముందు పెద్ద బ్రేక్ కిట్, దానికి సరిపడా 17 అంగుళాల రిమ్ములు కొనేసి, డ్రాగ్ టైర్ల సంగతి తర్వాత చూసుకోవచ్చా?

వద్దండీ. ఆ వరస పూర్తిగా తిరగెయ్యండి. ముందు టైరు, ఆ టైరుకు తగ్గ రిమ్ము, ఆ రిమ్ము లోపల పట్టే బ్రేకు. నేను గాజువాకలో ఉంటాను. ముందు చక్రాలతో లాగే బండినే చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకెళ్లి నడిపాను. మా స్నేహితుల బళ్లకూ ఈ పని దగ్గరుండి చేయించాను. డబ్బు వృథా అయిన ప్రతిచోటా కారణం ఒకటే, బ్రేక్ కిట్ ముందు కొనడం.

డ్రాగ్ టైరు పట్టుకు దాని గోడ, అంటే రిమ్ముకీ ట్రెడ్‌కీ మధ్య ఉండే పక్క భాగం, చాలా ముఖ్యం. బండి కదిలిన క్షణంలో గోడ నలిగి ముడతపడుతుంది, ఇంజిన్ కొట్టే దెబ్బను అది మింగుతుంది, ట్రెడ్ నేలకు అతుక్కుంటుంది. 17 అంగుళాల రిమ్ము మీద పలచటి గోడ టైరు వేస్తే నలగడానికి ఏమీ మిగలదు. చక్రం ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది, లేదా ముందు భాగమంతా దడదడలాడుతుంది. అమెరికాలో ఎనిమిది సిలిండర్ల బళ్లకు కూడా 15 అంగుళాల రిమ్ము మీద 275/60 డ్రాగ్ రేడియల్ వేసుకునేది అందుకే.

మీ బండికి లెక్క చూద్దాం. టైరు సైజులో మొదటి అంకె వెడల్పు మి.మీ.లో, రెండోది ఆ వెడల్పులో గోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము అంగుళాల్లో. పాత జీటీ టీఎస్ఐలకు కంపెనీ ఇచ్చిన 185/60 ఆర్15 టైరు ఎత్తు సుమారు 603 మి.మీ. 225/50 ఆర్15 ఎత్తు 606. అంటే గేర్ లెక్కా మారదు, స్పీడోమీటరూ తప్పు చూపించదు, వెడల్పు మాత్రం 40 మి.మీ. పెరుగుతుంది. 205/50 ఆర్15 అయితే 586 మి.మీ., కాస్త పొట్టి. స్టార్టింగ్‌లో అది లాభమే, కానీ గోడ తగ్గుతుంది. ఈ రెండు సైజుల్లోనూ టోయో ఆర్888ఆర్ ఉంది. అది అసలు డ్రాగ్ రేడియల్ (డ్రాగ్ కోసమే చేసిన టైరు) కాదు, ట్రాక్ టైరు. అయినా మొదటి మీట్‌కి అది చాలని నా అభిప్రాయం. మీ ఫెండర్ లోపల చోటు ఉంటే 225, లేకపోతే 205.

ఇక రిమ్ము. పోలోకి 5 బోల్టులు, పీసీడీ (బోల్టు రంధ్రాల మధ్యగా గీసిన వలయం వ్యాసం) 100 మి.మీ., మధ్య రంధ్రం 57.1 మి.మీ. 225 టైరుకు 7 అంగుళాల వెడల్పు బాగా కుదురుతుంది. ఇక్కడ అందరూ మర్చిపోయేది ఆఫ్‌సెట్, అంటే రిమ్ము వెడల్పు మధ్య గీత నుంచి బోల్టులు బిగించే ముఖం ఎన్ని మి.మీ. బయటికి ఉందో ఆ కొలత. 6 అంగుళాల రిమ్ము తీసి, అదే ఆఫ్‌సెట్‌తో 7 అంగుళాలది వేస్తే అంచు లోపలికి 12.7, బయటికి 12.7 మి.మీ. జరుగుతుంది. ఆఫ్‌సెట్ 5 తగ్గిస్తే లోపలికి 7.7, బయటికి 17.7. లోపల స్ట్రట్‌కి (సస్పెన్షన్ స్తంభం), బయట ఫెండర్‌కి ఎంత చోటుందో స్టీరింగ్ రెండువైపులా పూర్తిగా తిప్పి కొలిచి, అప్పుడు రిమ్ము ఆర్డర్ పెట్టండి. టైరు నలిగినప్పుడు గోడ ఇంకాస్త ఉబ్బుతుంది, దానికీ చోటు వదలండి.

రంధ్రం పెద్దదైన రిమ్ము దొరికితే ఆటోనగర్ లేత్ షాపుల్లో 57.1కి రింగు చేయించుకోవచ్చు. బోల్టుల విషయంలో మాత్రం సర్దుకుపోకండి. ఫోక్స్‌వ్యాగన్ బోల్టు తల కింద గుండ్రంగా ఉంటుంది, బయట దొరికే రిమ్ముల్లో ఎక్కువ వాటికి కోన్ ఆకారం కావాలి. గుండ్రటి బోల్టు కోన్‌లో బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది, నిజానికి సన్నటి గీత మీద ఆనుతుంది, తర్వాత వదులవుతుంది. రిమ్ముకీ హబ్‌కీ మధ్య స్పేసర్ (మందపాటి బిళ్ల) వేస్తే పొడుగు బోల్టులు తప్పనిసరి. చేత్తో తిప్పినప్పుడు కనీసం ఏడు చుట్లు లోపలికి వెళ్లాలి.

మన ఊళ్లో ఇంకో తలనొప్పి ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు ఉండే బళ్లకు చక్రం తీసి చూడండి, హబ్ (రిమ్ము బిగించే ఇనుప భాగం) ముఖం మీద తుప్పు పెచ్చులుగా లేచి ఉంటుంది. దాని మీదే కొత్త రిమ్ము బిగిస్తే సమంగా కూర్చోదు, వంద దాటగానే స్టీరింగ్ వణుకుతుంది. బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు. వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకించాకే రిమ్ము ఎక్కించండి.

ఇప్పుడు కాలిపర్, అంటే ప్యాడ్లను డిస్కుకి నొక్కే భాగం. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బ్రేకుల్లో 288 మి.మీ. డిస్క్ చాలా 15 అంగుళాల రిమ్ముల్లో పడుతుంది, 312కి 16 కావాలి. మీరు అనుకుంటున్న పెద్ద కిట్ వేస్తే 15 అంగుళాల రిమ్ము దారి మూసుకుపోయినట్టే. డిస్క్ పట్టినా కాలిపర్ వీపు రిమ్ము కడ్డీలకు తగలొచ్చు. విల్‌వుడ్ లాంటి కంపెనీలు కాలిపర్ ఆకారం కొలతలతో బొమ్మ ఇస్తాయి. దాన్ని అసలు సైజులో ప్రింట్ తీసి, అట్ట మీద అంటించి కత్తిరించి, రిమ్ము లోపల పెట్టి తిప్పి చూడండి. ఉన్న బ్రేకుకైతే కాలిపర్ మీద చపాతీ పిండి ముద్దలు అంటించి, రిమ్ము బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి తీయండి. ముద్ద ఎక్కడ ఎంత పలచబడిందో స్కేలుతో కొలవండి. 3 మి.మీ. కన్నా తక్కువ మిగిలితే నేనైతే ఆ రిమ్ము తీసుకోను.

అసలు పెద్ద బ్రేకు అవసరమా? డ్రైవరుతో 1,200 కిలోల బండి గంటకు 150 కి.మీ. వేగం నుంచి ఆగితే పది లక్షల జౌళ్ల పైచిలుకు శక్తి వేడిగా మారుతుంది. అందులో 70 శాతం ముందు డిస్కులదనుకుంటే, ఐదు కిలోల డిస్కు ఒక్కోటి సుమారు 150 డిగ్రీలు వేడెక్కుతుంది. మంచి కండిషన్లో ఉన్న మామూలు బ్రేకు ఇది తేలిగ్గా తట్టుకుంటుంది. పైగా మళ్లీ మీ వంతు వచ్చేలోపు చల్లబడుతుంది కూడా. సింహాచలం కొండ దిగుతుంటే బ్రేకులు వాసన వచ్చాయి కాబట్టి పెద్దవి కావాలని కొందరు వాదిస్తారు. అక్కడ బ్రేకు పదేపదే వాడతాం, చల్లబడే వ్యవధి ఉండదు. డ్రాగ్‌లో ఒక్క బలమైన ఆపుడు, అంతే. ఉన్న బ్రేకుతోనే ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) పనిచేసేంత బలం వస్తోందంటే, ఆపే దూరాన్ని నిర్ణయించేది ఇక టైరు పట్టే. పెద్ద డిస్కు వల్ల మీకు అదనంగా వచ్చేది తిరిగే బరువు, అది టైమ్ తినేస్తుంది.

ఆ డబ్బులో చిన్న భాగం ప్యాడ్లకీ, ఫ్లూయిడ్‌కీ పెట్టండి. రేసింగ్ ప్యాడ్లు వద్దు, అవి వేడెక్కితేగానీ పట్టవు. మీకు చల్లగా ఉన్నప్పుడే మొదటి తొక్కుడుకి పట్టేవి కావాలి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మన వైజాగ్ ఉక్కపోతలో రెండేళ్లు దాటిన ఫ్లూయిడ్‌తో ట్రాక్‌కి వెళ్లడం చాలా ప్రమాదం. వెళ్లేముందు మొత్తం మార్పించి, బ్రేకు గొట్టాల్లోని గాలి తీయించండి. వెనక డ్రమ్ములు విప్పించి శుభ్రం చేయించి, సర్దించండి.

టైర్లు ఎక్కించాక బీచ్ రోడ్డు మీదో, భీమిలి దారిలోనో ట్రయల్ వేయాలనిపిస్తుంది. దయచేసి వద్దు. జనం తిరిగే రోడ్లవి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికే మూడు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. చెన్నైకి మామూలు టైర్లతోనే నడపండి, డ్రాగ్ టైర్లు రిమ్ములతో సహా డిక్కీలో వేసుకోండి. అక్కడ మార్చాక బోల్టులు టార్క్ రెంచితో 120 ఎన్ఎంకి బిగించి, మొదటి పరుగు తర్వాత మళ్లీ చూడండి. డ్రాగ్ టైర్లలో గాలి రెండేసి పీఎస్ఐ చొప్పున తగ్గిస్తూ వెళ్లండి. టైరు మీదా, రిమ్ము మీదా ఎదురెదురుగా సుద్దతో గీత గీయండి. పరుగు తర్వాత ఆ రెండు గీతలూ పక్కపక్కకి జరిగి ఉంటే టైరు రిమ్ము మీద జారుతోందన్నమాట, అక్కడితో గాలి తగ్గించడం ఆపేసి రెండు పీఎస్ఐ పెంచండి.